ఆవు అతుకుల తిమింగలం

భార్గవి ఎప్పుడూ సముద్రం చూడలేదు. ఆఫీసులో ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. ఆమె పుట్టింది కల్యాణదుర్గం దగ్గర ఒక ఎర్రమట్టి ఊళ్ళో. అక్కడ మబ్బు కనబడితే పాఠం చెప్పే అయ్యవారు కూడా పుస్తకం మూసి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. నీళ్ళంటే ఆమెకు బిందె, తొట్టి, ట్యాంకరు వెనక పరుగు. అలాంటి మనిషి ముందు, గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడ ఆరో అంతస్తులో, రెండు కంప్యూటరు తెరల మీద ఇప్పుడొక తిమింగలం పడుకుని ఉంది.

ఒళ్ళు కాదు, దాని రాత. తూర్పు తీరాన ఇసుకలోకి కొట్టుకొచ్చి చనిపోయిన తిమింగలం అది. పళ్ళు లేని జాతి. నోటినిండా నీళ్ళు పట్టి, పై దవడ నుంచి దువ్వెనల్లా వేలాడే పొరల్లోంచి వడగట్టి, మిగిలిన చిన్న చిన్న రొయ్యల్ని మింగి బతికే రకం. సముద్ర పరిశోధన సంస్థ ఒకటి దాని చర్మం ముక్కను మంచులో పెట్టి పంపింది. ప్రతి ప్రాణి కణంలోనూ నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన ఒక మహా గ్రంథం ఉంటుంది. అందులో ఒక్కో వాక్యం ఒక్కో జన్యువు. ఆ గ్రంథాన్ని యంత్రాలతో చదివించి, చిరిగిన కాగితాల్ని పేర్చినట్టు వరసగా పేర్చి, తప్పులు దిద్ది తిరిగి ఇవ్వడం భార్గవి వాళ్ళ కంపెనీ పని. ఒకప్పుడు నేల మీద నాలుగు కాళ్ళతో తిరిగిన జంతువు నీళ్ళలోకి ఎలా వెళ్ళిపోయిందో, అందుకోసం తన గ్రంథంలో ఏమేం మార్చుకుందో చూడాలని ఆ సంస్థ ఆశ.

పక్క కుర్చీలో కూర్చునే రాకేశ్ వరంగల్ వైపు వాడు. పేర్చే ప్రోగ్రాములు నడిపేది అతనే. చర్మం ముక్క వచ్చిన మొదటి రోజే తిమింగలానికి పెద్దవ్వ అని పేరు పెట్టేశాడు.

“పెద్దవ్వ లేచిందా అక్కా?” అని పొద్దున్నే అడుగుతాడు. రాత్రి పెట్టిన ప్రోగ్రాము నడిచిందా, ఆగిందా అని దానర్థం.

“లేచి టీ తాగుతా ఉంది. నీ కోసం ఉంచలేదు,” అంటుంది భార్గవి.

ఆమె ఈ కుర్చీలోకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అనంతపురంలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్ వచ్చి ఒక చిన్న ల్యాబులో పనికి కుదిరింది. తర్వాత పెళ్ళి. తర్వాత కూతురు ఏడో నెలలోనే పుట్టింది, అరచేతుల్లో పట్టేటంత. ఆ పిల్ల ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్న రోజుల్లో ఉద్యోగం ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు. భర్త చైతన్య ప్లాట్లు అమ్మే వ్యాపారంలో ఊళ్ళు తిరిగేవాడు. తల్లి గంగమ్మ పెట్టె సర్దుకుని పుప్పాలగూడలో వాళ్ళుండే ఫ్లాటుకు వచ్చేసింది. పిల్ల కాస్త నిలదొక్కుకున్నాక భార్గవి హాల్లో ఒక తెల్ల బోర్డు తగిలించి అపార్టుమెంటు పిల్లలకి ట్యూషన్లు మొదలుపెట్టింది. ఏళ్ళకేళ్ళు అదే పని: సైన్సు, లెక్కలు, నోటు పుస్తకాలు, ఎర్రపెన్ను.

మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరితే ప్రతిచోటా ఒకే ప్రశ్న. “ఇన్నేళ్ళూ ఏం చేశారు?” ట్యూషన్లు చెప్పాను అనగానే ఎదుటివాళ్ళ పెన్ను ఆగిపోయేది. ఈ కంపెనీ ఒక్కటే, మూడు నెలలు చూసి చెబుతాం అంది. ఆమెకు ఇచ్చింది ఆఖరి పని. అందరూ అన్నీ చేశాక ఒకసారి అంతా చూసి, సరిగ్గా ఉంది అని సంతకం పెట్టడం. ఆమె సంతకం లేనిదే డెలివరీ కదలదు. పెద్దవ్వను పంపాల్సిన శుక్రవారమే ఆమె మూడు నెలల గడువు కూడా ముగుస్తుంది.

ఆఫీసు గోడ మీద పెద్ద తెర ఒకటి ఉంది. ఒక్కో జన్యువుకు ఒక్కో గడి. వాక్యం మొదటి నుంచి చివరి దాకా సాఫీగా ఉంటే పచ్చ, మధ్యలో తెగితే ఎరుపు. ఎరుపంటే తప్పు, తప్పంటే దిద్దాలి. సాఫ్ట్‌వేరు మనుషుల కంటికి ఎరుపును చూస్తూ ఊరుకోవడం చేతకాదు. బోర్డంతా పచ్చగా డెలివరీ వెళ్ళిన రోజు టీమ్ లీడర్ కిరణ్ పాల్ అందరికీ బిర్యానీ తెప్పించడం అక్కడి ఆనవాయితీ. అందుకని చివరి ఎర్రగడి కోసం మనుషులు పోటీ పడేవాళ్ళు.

కిరణ్ పాల్‌ది కాకినాడ. గొంతు పెంచి ఎరగడు. కొన్నాళ్ళ క్రితం ఒక గేదె గ్రంథాన్ని చదివే పనిలో యంత్రం చాలాచోట్ల అక్షరాలు మింగేసి, లేని తెంపులు చూపించింది. ఏం చేయాలో తోచక అందరూ తల పట్టుకుంటే అతనే ఉపాయం చెప్పాడు. గేదెలో తెగిన చోట ఆవు గ్రంథం నుంచి అదే వాక్యం తెచ్చి అతికేద్దాం, రెండూ దగ్గరి చుట్టాలే కదా అని. గేదె నిండుగా లేచి నిలబడింది. కంపెనీకి పేరొచ్చింది. అప్పటి నుంచి ఆ అతుకు వేసే ప్రోగ్రాము ప్రతి పనిలోనూ తనంతట తానే నడుస్తోంది. అపార్టుమెంటు మోటారు స్విచ్చులా, అది ఉందన్న సంగతే అందరూ మరచిపోయారు.

ఆ వారం బోర్డు పచ్చగా ఉంది. పెద్దవ్వ ఒంట్లో ఒక్క తప్పు లేదు.

* * *

డెలివరీకి ఇంకా రెండు రోజులున్నాయనగా, పొద్దున భార్గవి చెప్పులు వేసుకుంటుంటే గంగమ్మ సంచీ అందించింది.

“వచ్చేటప్పుడు పళ్ళపొడి తేమే. అయిపోయింది.”

గంగమ్మకు ఒక్క పన్ను లేదు. కట్టుడు పళ్ళు స్టీలు గ్లాసులో నీళ్ళలో ఉన్నాయి.

“పళ్ళే లేవు, పళ్ళపొడి యాలమ్మా నీకు?”

“చిగుర్లు లేవా? పొద్దన్నే నోట్లో ఏలు పెట్టకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. బో చదివినావులే గానీ, పో. బండోడు కింద కాసుకోనుండాడు.”

బైక్ టాక్సీ వెనక కూర్చుని, పొడుగాటి మేడల మధ్య నుంచి వెళ్తూ భార్గవి నవ్వుకుంది. ఆ నవ్వు ఇంకా పెదవుల మీద ఉండగానే కంప్యూటరు తెరిచింది. సంతకానికి ముందు అక్కడక్కడా కొన్ని జన్యువుల్ని తెరిచి చూడటం ఆమె అలవాటు. పళ్ళమాట మనసులో ఉందేమో, చెయ్యి ముందు పంటి జన్యువు దగ్గరికే వెళ్ళింది. పన్ను మీద తెల్లగా మెరిసే గట్టిపొర ఉంటుందే, దాన్ని తయారుచేయడానికి కావలసిన జన్యువు.

పచ్చగా ఉంది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క గీత పడలేదు.

ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది. గంగమ్మ పళ్ళు పోయి నాలుగేళ్ళే. అలవాటు మిగలడంలో వింత లేదు. పెద్దవ్వ ముత్తాతల పళ్ళు పోయి కోట్ల ఏళ్ళు. అన్ని కోట్ల ఏళ్ళు ఎవరూ వాడని వాక్యాన్ని కాపాడేవాళ్ళు ఎవరుంటారు? తాళం వేసిన ఇంటి గోడల్లా ఎక్కడో ఒకచోట పెచ్చులూడాలి, చెదలు పట్టాలి, పిచ్చిమొక్క మొలవాలి. ఇది నిన్న సున్నం కొట్టినట్టుంది.

అక్షరం పక్కన అక్షరం పెట్టి ఆవు వాక్యంతో పోల్చి చూసింది. మధ్యలో ఒకచోట పోలిక కాదు, ఆవే. అచ్చంగా ఆవు.

“రాకేశ్, ఇటు రా. ఇది పెద్దవ్వ పన్ను కాదు.”

“మరి ఎవరిదక్కా?”

“ఆవుది.”

రాకేశ్ కుర్చీతో సహా జరిగి వచ్చాడు. ప్రోగ్రాము నడిచిన జాడలు తిరగేశాడు. అతుకు వేసిన ప్రతిచోటా యంత్రం బుద్ధిగా గుర్తు పెట్టుకుంది. ఎవరూ చూడలేదంతే.

“ఓయమ్మ!” అన్నాడు నోటిమీద చెయ్యి పెట్టుకుని. “ముసల్దానికి కట్టుడు పళ్ళు పెట్టినమా మనం?”

పళ్ళతో ఆగలేదు. వాసన పట్టే జన్యువులు బోలెడు. తీపి తెలిసే జన్యువు. చీకటి పడగానే నిద్రమత్తు తెచ్చే రసాయనాన్ని తయారుచేసే జన్యువు. ఒళ్ళంతా వెంట్రుకలు మొలిపించే జన్యువులు. అన్నిటి మీదా అదే సున్నం, అదే ఆవు. నేలని వదిలి ఇన్ని కోట్ల ఏళ్ళు ఈదుకుంటూ వెళ్ళిన జీవిని వీళ్ళు నాలుగు రోజుల్లో తోలుకొచ్చి మళ్ళీ గాటికి కట్టేశారు.

* * *

కిరణ్ పాల్ అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“మీరు చెప్పేది అర్థమైందండి భార్గవి గారు. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ తిమింగలం ఒడ్డున ఎండలో పడి ఉన్నాక తీసిన ముక్క అది. అప్పటికే కుళ్ళు పట్టింది. దాని రాత ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది కదా. యంత్రం అక్షరాలు మింగడానికి గేదె కంటే ఇక్కడే ఎక్కువ వీలు. మీరు నిజమైన తెంపు అంటున్నది కుళ్ళు వల్ల వచ్చింది కాదని ఎలా చెప్తారు?”

ఆ ప్రశ్న న్యాయమైనదే.

“అయినా సంతకం పెట్టలేను సార్,” అంది భార్గవి.

“పెట్టకపోతే డెలివరీ ఆగుతుందండి. ఆగితే పైవాళ్ళు నన్ను అడుగుతారు. నన్ను అడిగితే మీ పేరొస్తుంది. గడువులో ఉన్న మనిషి డెలివరీ ఆపి, ఆపింది తప్పని తేలితే, నేను నిలబడి కాపాడలేను. ఉన్నమాట ముందే చెప్తున్నాను.” అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “శుక్రవారం మధ్యాహ్నం ఆ సంస్థ వాళ్ళతో కాల్ ఉంది. అప్పటిదాకా చూడండి. అది కూడా నా ఇష్టంతో ఇస్తున్నాను, కంపెనీ ఇష్టంతో కాదు.”

బయటికి వచ్చాక రాకేశ్ మెల్లగా అన్నాడు: “అక్కా, జర ఆలోచించు. సంతకం పెట్టి నౌకరి పక్కా చేసుకో. పెద్దవ్వ ఏమన్న కేసు వేస్తదా?”

“కేసు వెయ్యదులే, కానీ ఆవు పళ్ళు పెట్టుకుని నవ్వుతుందే, అదే నా బాధ.”

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి గంగమ్మ వంటగదిలో సొంటి దంచుతోంది. భార్గవి హాల్లో చాప మీద కూలబడింది. సంతకం అంటే ఒక మీట నొక్కడం. నొక్కితే సోమవారం కూడా ఆమెకు కుర్చీ ఉంటుంది. నొక్కకపోతే, ఎదురుగా గోడ మీద ఆ తెల్ల బోర్డు ఉంది.

ఇప్పుడు దాని మీద పాలవాడి లెక్క, గ్యాసు నంబరు ఉన్నాయి. వాటి వెనక ఎంత తుడిచినా పోని ఒక బొమ్మ. ఎవరో పిల్లవాడు చెరగని పెన్నుతో వేసిన గుండె. గుండెకు నాలుగు గదులుంటాయి. దానికి ఐదున్నాయి.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. పరీక్ష పెడితే పిల్లలు రకరకాల తప్పులు రాశారు. ఒకడు రక్తాన్ని కడుపులోంచి నడిపించాడు, ఒకతె గుండెను కుడివైపు పెట్టింది. ముగ్గురు మాత్రం ఐదు గదులు వేశారు. ముగ్గురికీ ఐదో గది ఒకే మూల, ఒకే ఆకారం. ఆమె నవ్వి, ముగ్గురినీ లేపి, “మీ ముగ్గురిలో మొదట ఎవరు వేశారు?” అని అడిగింది. ఎలా కనిపెట్టారు మేడం అని వాళ్ళు నోళ్ళు తెరిచారు. అందులో కనిపెట్టేందుకు ఏముంది? సరైన జవాబు అందరూ ఒకేలా రాస్తారు. తప్పు మాత్రం ఎవరిది వాళ్ళకే ఉంటుంది. ముగ్గురి తప్పూ ఒకే చోట, ఒకేలా ఉందంటే ఆ ముగ్గురూ ఒక్క కాగితం చూసి రాసినట్టే.

భార్గవి లేచి నిలబడింది.

యంత్రం చేసే తప్పుకు ఒక చోటంటూ ఉండదు. కుళ్ళుకు అసలే ఉండదు. కానీ ఎక్కడో ఉత్తర సముద్రాల్లో తిరిగే తిమింగలం, దక్షిణాన మంచు పక్కన తిరిగే తిమింగలం, ఈ తూర్పు తీరాన చనిపోయిన తిమింగలం, వేరు వేరు దేశాల్లో వేరు వేరు యంత్రాలు చదివిన మూడు గ్రంథాలూ ఒకే వాక్యంలో, ఒకే అక్షరం దగ్గర తెగి ఉంటే?

ఒక్క కాగితం. ఆ మూడింటికీ తెగిన వాక్యాన్ని ఇచ్చిపోయిన ఒక్క ముత్తవ్వ.

“అమ్మా!” అని వంటగదిలోకి అరిచింది. “ఐదు గదుల గుండె గుర్తుందా నీకు?”

“ఎట్ల మర్చిపోతానే. ఆ బొమ్మ తుడిసి తుడిసి నా రెక్క పడిపోయ. అదుంది గానీ, పళ్ళపొడి తెచ్చినావా?”

తేలేదు. చెప్పులు వేసుకుని మళ్ళీ కిందికి పరిగెత్తింది. కొట్టు దాకా నవ్వుకుంటూనే వెళ్ళింది.

* * *

మర్నాడు రాకేశ్ అతుకు ప్రోగ్రామును ఆపి పెద్దవ్వను మళ్ళీ పేర్చాడు. ఏ దేశం వాళ్ళయినా తీసుకునేలా నెట్‌లో ఉంచిన మరికొన్ని తిమింగలాల గ్రంథాల్నీ, ఒక డాల్ఫిన్‌నూ, నీటిగుర్రాన్నీ పక్కన తెచ్చి పెట్టాడు. నీటిగుర్రం ఎందుకంటే నేల మీద మిగిలినవాటిలో తిమింగలానికి అన్నిటికంటే దగ్గరి చుట్టం అదే.

మధ్యాహ్నానికి గోడ మీది బోర్డులో ఎరుపు పుట్టింది. ముందు ఒక గడి, తర్వాత ఒక వరస, తర్వాత అక్కడక్కడా గుత్తులు గుత్తులు. కాఫీ కప్పులు పట్టుకుని జనం గుమికూడారు. “ఏమైంది, సర్వర్ పోయిందా?” అని ఎవరో అడిగారు. “సర్వర్ కాదు, మేకప్ పోయింది,” అన్నాడు రాకేశ్.

కిరణ్ పాల్ వచ్చి భార్గవి వెనక నిలబడ్డాడు. ఆమె మొదటి ఎర్రగడిని తెరిచింది. కండరాలకు సంబంధించిన జన్యువు. పెద్దవ్వలో మధ్యలో తెగింది. మిగతా తిమింగలాల్లో చూసింది. నిక్షేపంగా ఉంది. డాల్ఫిన్‌లో ఉంది. నీటిగుర్రంలో ఉంది. ఒక్క పెద్దవ్వలోనే తెగింది.

అంటే అది కుళ్ళే. యంత్రం తప్పే.

“చూశారు కదండి,” అన్నాడు కిరణ్ పాల్. ఆ గొంతులో గెలుపు లేదు. ఆమె కోసం బాధే ఉంది.

భార్గవి రెండోది తెరిచింది. అదీ అంతే. వెనక గుమిగూడినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మూడోది తెరిచే ముందు ఆమె ఒకసారి కళ్ళు మూసుకుంది. తర్వాత నేరుగా పంటి జన్యువు దగ్గరికి వెళ్ళింది.

పెద్దవ్వ వాక్యం నడుస్తూ నడుస్తూ ఉంది. మధ్యలో ఎక్కడినుంచో వచ్చి దూరిన ఒక పరాయి ముక్క. కథ చదువుతుంటే నడుమ కరెంటు బిల్లు కుట్టేసినట్టు. అక్కడితో అర్థం తెగిపోయింది. ఉత్తర సముద్రపు తిమింగలాన్ని తెరిచింది. అదే ముక్క. అదే చోటు. దక్షిణపు తిమింగలం. అదే ముక్క, అదే చోటు. పళ్ళు లేని మరో జాతి. అదే. నీటిగుర్రం వాక్యం మాత్రం చివరిదాకా సాఫీగా ఉంది. దాని పళ్ళు దానికి అక్కరే కదా.

కిరణ్ పాల్ ఒక కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఇంకోటి తీయండి,” అన్నాడు.

రక్తం గడ్డకట్టడానికి సాయం చేసే జన్యువు ఒకటి. పెద్దవ్వలో తెగింది, ఇతర తిమింగలాల్లో తెగింది, డాల్ఫిన్‌లో కూడా తెగింది, అదీ ఒకే చోట.

“ఇంకోటి.”

నిద్ర జన్యువు. తెగింది. నీటిగుర్రంలో తప్ప అన్నిట్లోనూ, ఒకే చోట.

“ఇంకోటి తియ్యండి, ఆగొద్దు,” అన్నాడతను. ఈసారి గొంతు పెరిగింది. ఆఫీసులో ఆ గొంతు అందరికీ కొత్త.

“సార్, ఐదు గదుల గుండె,” అంది భార్గవి. అతనికి అర్థం కాలేదు. ఆమె ట్యూషన్ కథ చెప్పింది. ముగ్గురు పిల్లలు, ఒకే మూల, ఒకే గది. కిరణ్ పాల్ వింటూ వింటూ పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే తలమీద చెయ్యి వేసుకున్నాడు.

“గేదెకి పోసిన మందే తిమింగలానికీ పోసేశానండి! ఏ జబ్బని చూడకుండా. నేనే రాశాను ఆ ప్రోగ్రాము, నేనే మరచిపోయాను.”

“మీ మందు మంచిదే సార్. ఇందాకటి రెండూ చూడండి, వాటికి అతుకు కావల్సిందే. కానీ అందరిలో ఒకేలా తెగినదాన్ని ముట్టుకోకూడదు. అది గాయం కాదు. అది దాని దారి.”

ఆ రోజూ, మర్నాడు పొద్దునా ముగ్గురూ కూర్చుని ఏరారు. పెద్దవ్వ ఒక్కదానిలోనే తెగినవి ఒకవైపు; వాటికి అతుకు వేశారు, వేసినట్టు స్పష్టంగా రాశారు. అందరిలోనూ ఒకే చోట తెగినవి మరోవైపు. వాటిని చెయ్యి పెట్టకుండా వదిలారు. ఒక్కో జాతిలో ఒక్కో రకంగా తెగిన వాసన జన్యువుల్లాంటివి మూడోవైపు. వాటి కథ తేల్చవలసింది ఆ సంస్థ వాళ్ళు. గడి తర్వాత గడి తేలుతుంటే, ఆవు ఒంటి మీదినుంచి ఒక్కో అతుకూ రాలిపోయి, కింద నుంచి నల్లగా, నున్నగా, ఎవరూ తోలలేనంత పెద్దగా ఒక జీవి పైకి లేస్తున్నట్టు అనిపించింది భార్గవికి.

అది ఎంత వదిలేసింది! ఒంటి బొచ్చు వదిలేసింది. గాలిలో వాసన పట్టే సొగసు వదిలేసింది, లోతుల్లో గాలి ఎక్కడిది గనక. మింగే బతుకులో తీపితో పనిలేదని తీపి వదిలేసింది. నిద్రమత్తు పిలుపును కూడా వదిలేసింది. ఒళ్ళు మరచి నిద్రపోతే పైకొచ్చి ఊపిరి పీల్చేదెవరు? అందుకే తిమింగలాల మెదడు సగం పడుకుంటే సగం మేలుకుని ఉంటుందట. లోతుకి దిగినప్పుడు ఇరుకయ్యే రక్తనాళాల్లో రక్తం ఊరికే గడ్డకట్టకుండా ఆ గడ్డకట్టించే సాయాన్నీ వదిలేసింది.

వదలనివీ ఉన్నాయి. కండలో ఊపిరిని దాచుకునే రేణువుల్ని కొద్దికొద్దిగా మార్చుకుంది. అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందువల్ల ఎంత కిక్కిరిసి ఉన్నా ముద్ద కట్టవు. ఒక్క గుక్క గాలితో చీకటి అడుగుకు దిగి రావడానికి ఆ కండే కొట్టుగది. కాళ్ళు మొలిపించే రాత పెద్దవ్వలో ఇంకా ఉంది. తిమింగలాల కడుపులో పిల్ల మొదట్లో వెనక కాళ్ళ మొలకలు వేస్తుంది. ఇంకా పెరగమని చెప్పే కబురు మధ్యలో ఆగిపోయి, ఆ మొలకలు మళ్ళీ ఒంట్లోకి కరిగిపోతాయి. ప్రతి పిల్లా పుట్టకముందే ఒకసారి నేలను తలుచుకుని, వదిలి, నీళ్ళలోకి వస్తుందన్నమాట.

* * *

శుక్రవారం మధ్యాహ్నం తెర మీద ఎలిజబెత్ కనబడింది. సముద్ర సంస్థలో ఈ పరిశోధన నడిపించేది ఆమే. నెరిసిన జుట్టు, ఎండకు కమిలిన ముఖం. కిరణ్ పాల్ ఏదీ దాచలేదు. అతుకుల సంగతి, తాను మరచిన సంగతి, పట్టుకున్నది ఎవరో, ఎలాగో అన్నీ చెప్పాడు. చివర్న ఎరుపు గడుల బోర్డు చూపించాడు.

ఎలిజబెత్ తెరకు దగ్గరగా జరిగి ఎర్రగడుల్ని ఒక్కొక్కటే చూసింది.

“ఆ ఎర్రవాటిలో ఒక్కటి కూడా దిద్దకండమ్మా,” అంది ఎలిజబెత్ చివరికి. “నేను అడిగింది వాటి కోసమే. ఆ రోజు ఇసుకలో దాని పక్కన కూర్చుని, చర్మం ముక్క కోసినప్పుడు నేను దానికి మాటిచ్చాను, నీ కథ చెప్తానని. పచ్చ బోర్డు పంపి ఉంటే నేను ఆవు కథ చెప్పేదాన్ని.” తర్వాత కళ్ళు తుడుచుకుని నవ్వింది. “ఇంతకీ భార్గవి గారూ, మీరెప్పుడైనా తిమింగలాన్ని చూశారా?”

“సముద్రమే చూళ్ళేదండి.”

తెరకు ఇవతలా అవతలా అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు.

“అయితే వచ్చేయండి. మా పడవలో మీకో చోటు ఉంది.”

కాల్ ముగిశాక భార్గవి కంప్యూటరు ముందు కూర్చుని సంతకం పెట్టింది. మీట నొక్కిన చప్పుడు చాలా చిన్నది. కిరణ్ పాల్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“సోమవారం కొత్త బ్యాడ్జి తీసుకోండి. గడువు లేనిది. ఇంకో సంగతి, ఇక మీదట ఏ ప్రాణి వచ్చినా అతుకు వేయించే ముందు మిమ్మల్ని అడగాలని ప్రోగ్రాములోనే రాసేశానండి. మీరు వద్దంటే అది నడవదు.”

ఆమె తల ఊపింది.

“మంచిగనే ఉన్నది గానీ సార్,” అన్నాడు రాకేశ్, గోడవైపు చూస్తూ దిగులుగా, “ఇగ బిర్యానీ పాయె. బోర్డు చూడుండ్రి, ఎట్ల ఎర్రగున్నదో.”

కిరణ్ పాల్ గోడవైపు తిరిగాడు. ఫోను తీశాడు.

“ఎర్రగా ఉందనేనయ్యా తెప్పిస్తున్నాను. డబల్ మసాలా.”

ఆ ఆఫీసులో ఎర్ర బోర్డు కింద కూర్చుని బిర్యానీ తిన్నది అదే మొదటిసారి. పేపరు ప్లేట్లు చేతులు మారుతున్నాయి. పక్క టీముల వాళ్ళు వచ్చి, ఏం తప్పు జరిగిందని అడిగి, ప్లేటు అందుకుని వెళ్తున్నారు. భార్గవి ఫోను మోగింది. తల్లి.

“ఏమాయనే పాపా? ఉంచుకుంటారంటనా?”

“ఉంచుకుంటారంటమ్మా!”

అవతల గంగమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, “ఏంది, ఆడ ఆ గోల? బిర్యానీనా? మెత్తగుంటే నాకూ ఇంత తేమే. ముక్కలు గట్టిగుంటే మాత్రం వద్దు,” అంది.

భార్గవి నవ్వుతూ తలెత్తి చూసింది. గోడ మీద పచ్చ గడుల మధ్య ఎర్ర వరసలు, వేరుశనగ చేలో చాళ్ళ మధ్య కనిపించే తమ ఊరి మట్టిలా ఉన్నాయి. ఆ ఎరుపు మీదుగా, ఏదీ బరువు కాకుండా, పెద్దవ్వ ఈదుకుంటూ వెళ్ళిపోతోంది.